11 నెలలు కోడు రాశాను, 12 మంది దొరకడం లేదు: డెవలపర్‌కు మార్కెటింగ్ ఎంతవరకు తెలియాలి?

తుంగభద్ర_తీరం | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ డెవలపర్ వృత్తిలో ఉన్నాను. మొదట జావా, ఇప్పుడు కోట్లిన్, రెండూ ప్రోగ్రామింగ్ భాషలే. ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని 11 నెలల్లో సొంతంగా ఒక యాప్ తయారు చేశాను. పల్లెల్లో పాల సేకరణ కేంద్రం నడిపేవాళ్ల కోసం. ఏ పూట ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, దాణా కోసం ముందుగా తీసుకున్నది ఎంత, పదిహేను రోజులకు చేతికి ఎంత రావాలి, అన్నీ అదే లెక్క కడుతుంది. చిన్నప్పుడు మా చిన్నాన్న పొడుగాటి పుస్తకంలో గళ్లు గీసుకుని ఈ లెక్కలన్నీ రాయడం చూశాను. బిల్లు రోజు వస్తే ఇంట్లో ఎవరూ ఆయనతో మాట్లాడేవారు కాదు, లెక్క తప్పుతుందని. ఆయన కేంద్రం మానేసి చాలా కాలమైంది, కానీ ఆ పుస్తకం నా మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు సమస్య. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు ప్లే స్టోర్‌లో యాప్ విడుదల చేయాలంటే ముందు కనీసం 12 మంది టెస్టర్లతో, 14 రోజులు ఆపకుండా పరీక్ష నడపాలి. నాకు ఆ 12 మంది దొరకలేదు. ఆఫీసు మిత్రులను బతిమాలితే తొమ్మిది మంది చేరారు. నాలుగో రోజుకు ఇద్దరు తీసేశారు. ఉన్నవాళ్లు కూడా తెరిచి చూడటం లేదు. వాళ్లకు కొలవడానికి పాలు లేవు, తప్పు వాళ్లది కాదు.

కోడు రాయడం నా పని, జనానికి చేర్చడం ఇంకెవరిదో పని అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు ఆ ఇంకెవరో లేరు. మార్కెటింగ్ నేను నేర్చుకోవాలా? డబ్బిచ్చి ఎవరికైనా అప్పగించాలా?

ప్లే స్టోర్ పేజీలో నేను పెట్టినది ఇది. పేరు: పాల లెడ్జర్ ప్రో. వివరణ: ఆఫ్‌లైన్ ఆర్కిటెక్చర్, ఎన్‌క్రిప్టెడ్ డేటాబేస్, క్లౌడ్ సింక్.

పాత_కీబోర్డు | ఆదివారం, రాత్రి 11:20

తమ్ముడూ, నాకు ఈ వృత్తిలో 22 ఏళ్లు. నా మాట కటువుగా ఉంటే మన్నించు. మార్కెటింగ్ జోలికి వెళ్లవద్దు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ ఒడ్డూ చేరడు. ఆ గంటలు కూడా కోడు మీదే పెట్టు.

వాట్సాప్‌ను చూడు. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించేనాటికి నెలకు 45 కోట్ల మంది వాడుతున్నారు. ఇంజనీర్లు 32 మంది. ప్రకటనల మీద పెట్టిన ఖర్చు శూన్యం. కంచుకే మోత కావాలి, బంగారానికి అక్కర లేదు.

మైత్రీవనం_మెట్లు | సోమవారం, ఉదయం 7:05

పాత_కీబోర్డు గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. వాట్సాప్ ప్రకటనలు ఇవ్వలేదన్నది నిజం. దాన్నిబట్టి మార్కెటింగ్ చేయలేదనుకోవడం మాత్రం సరికాదు. ఖాతాకు పేరూ పాస్‌వర్డూ లేకుండా ఫోను నంబరునే గుర్తుగా పెట్టారు. యాప్ వేసుకున్న క్షణంలోనే మన ఫోనులో ఉన్నవాళ్లలో ఎవరెవరు అక్కడ ఉన్నారో కనిపించేది. లేనివాళ్లను మనమే పిలిచేవాళ్లం. మన దేశంలో సంక్రాంతికీ దీపావళికీ ఎస్‌ఎంఎస్ ప్యాకులు పనిచేసేవి కావు, పండుగ శుభాకాంక్షలకు ఒక్కో సందేశానికీ డబ్బు కోసేవారు, గుర్తుందా? ఆ మంట తెలిసినవాళ్లకు వాట్సాప్ గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

హాట్‌మెయిల్ కథ ఇంకా పాతది. 1996 జూలై 4న మొదలైంది. అక్కడి నుంచి వెళ్లే ప్రతి ఉత్తరం అడుగున మీరూ ఉచితంగా ఖాతా తెరవవచ్చు అని ఒక్క వాక్యం చేర్చారు. 1997 చివర్లో మైక్రోసాఫ్ట్ కొనేనాటికి వాడుకరుల సంఖ్య 80 లక్షలు దాటింది. ఆ వాక్యం చేర్చడానికి ఎంత కోడు పడుతుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. వస్తువు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా వెళుతుందన్న ఆలోచన వస్తువు లోపలే ఉంది. అలాంటి మార్పును బయటి నుంచి వచ్చిన ప్రచార సంస్థ చేయలేదు. తయారు చేసేవాడే చేయాలి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. అమీర్‌పేటలో మూడేళ్లు జావా పాఠాలు చెప్పాను. అక్కడి పద్ధతి తెలిసిందే, మొదటి రెండు మూడు క్లాసులు ఉచితం, నచ్చితేనే ఫీజు కడతారు. నేను మొదటి రోజే జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే యంత్రాంగం) లోపల మెమరీ ఎలా పనిచేస్తుందో బోర్డు నిండా గీసి చెప్పేవాడిని. మూడో రోజుకు గది సగం ఖాళీ అయ్యేది. పక్క గదిలో మాస్టారు నాకంటే గొప్పగా ఏమీ చెప్పేవారు కాదు, ఆయన గది మాత్రం నిండేది. ఒకరోజు వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. ఆయన మొదటి మాటే, మొన్న ఒక ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడిగితే పది మందిలో ఎనిమిది మంది చెప్పలేకపోయారు, మీరు చెప్పగలరా అని. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ జేవీఎం దగ్గరికే వచ్చారు. మర్నాటి నుంచి నేనూ అలాగే మొదలుపెట్టాను. పాఠంలో ఒక్క అక్షరం తగ్గించలేదు. పిల్లలు ఏ భయంతో ఆ మెట్లెక్కి వచ్చారో అక్కడి నుంచి మొదలుపెట్టాను, అంతే.

అక్షరాల_గూడు | సోమవారం, ఉదయం 9:30

మన భాషలోనే జరిగినది ఒకటి ఉంది. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లు ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతి వచ్చాక కూడా చాలామంది తెలుగువాళ్లకు కంప్యూటర్‌లో తెలుగు రాయవచ్చన్న సంగతే తెలిసేది కాదు. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే లేఖిని వంటి పరికరం అప్పటికే ఉంది, ఉచితం, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. అయినా తెలియనివాళ్లకు తెలియదు. కంప్యూటర్లలో తెలుగు వాడకం కోసం పనిచేసే ఈతెలుగు సంస్థ వాళ్లు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి వచ్చినవాళ్లకు చూపించారు. నేను అక్కడికి సందర్శకుడిగా వెళ్లాను. ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని వేలితో ఒక్కో మీటా వెతుక్కుంటూ తన పేరు రాశారు. తెర మీద తెలుగులో కనిపించేసరికి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. యూనికోడ్ అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు.

ఆ రోజు నేను ఇంటికి వెళ్లి చేసిన మొదటి పని తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ తెరవడం. ఆ స్టాలు లేకపోతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు. దాన్ని ప్రచారం అంటారో సేవ అంటారో మీ ఇష్టం. తయారు చేసినవాళ్లూ వాడేవాళ్లూ కలిసి నిలబడి జనం ముందుకు తెచ్చారు, నాలాంటివాళ్లకు చేరింది.

రాత్రి_బ్యాచ్ | సోమవారం, మధ్యాహ్నం 1:15

సొంత యాప్ లేని నాలాంటి ఉద్యోగులకు కూడా ఇది వర్తిస్తుంది. సర్వీసు కంపెనీలో పని చేస్తున్నాను. ఏటా వార్షిక సమీక్షలో నేను రాసే వాక్యం, ఫలానా మాడ్యూల్‌ను తిరిగి రాశాను అని. మూడేళ్లు వరసగా మామూలు రేటింగే వచ్చింది. ఒకసారి మా లీడ్, ఆవిడ చాలా మంచి మనిషి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు, దీనివల్ల ఎవరికి ఏమి మారింది అని. ఆలోచిస్తే తెలిసింది, రాత్రి బ్యాచ్, అంటే రాత్రిపూట కంప్యూటరు తనంతట తాను చేసే లెక్కల పని, ఆరు గంటలు నడిచేది, ఇప్పుడు 50 నిమిషాల్లో అయిపోతోంది. క్లయింటు వాళ్ల నివేదిక మధ్యాహ్నానికి వచ్చేది ఉదయానికే వస్తోంది. ఆ సంగతి నేను ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

తన డప్పు తానే కొట్టుకోవడం తప్పని మనకు ఇంట్లోనే నేర్పారు. కానీ చేసిన పని ఎవరికి ఏ మేలు చేసిందో చెప్పకపోతే పై వాళ్లకు తెలిసే దారి లేదు. ఆ దారి మనమే వేయాలి.

మా_పాడి | సోమవారం, రాత్రి 9:50

తుంగభద్ర_తీరం గారూ, మీ పోస్టు పొద్దున బస్సులో చదివాను, అప్పటి నుంచి రాయాలని ఆగలేకపోతున్నాను. నేను హైదరాబాదులో టెస్టర్‌ని. మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో మా ఊళ్లో పాల కేంద్రం నడుపుతారు. సాయంత్రం పాలు కొలవడం అయ్యాక ఫోను చేసి మీ వివరణ చదివి వినిపించాను. ఎన్‌క్రిప్టెడ్, డేటాబేస్ వరకు వచ్చేసరికి నాన్న మధ్యలో ఆపి, ఇది బ్యాంకు వాళ్లదా అమ్మా అని అడిగారు. తర్వాత తనే, మన దగ్గర సిగ్నల్ ఉండదు కదా, మరి పనిచేస్తుందా అన్నారు. మీరు మొదటి మాటగా పెట్టినదే అది! ఆఫ్‌లైన్ ఆర్కిటెక్చర్ అంటే సిగ్నల్ లేకపోయినా పనిచేయడమే. ఆయనకు కావలసినదే మీరు చేశారు. ఆయనకు వినపడే మాటలో చెప్పలేదు.

మా కేంద్రం ఎలా ఉంటుందో చెబుతాను. తెల్లవారుజామున అయిదున్నరకు మొదలు. అరవై మంది వరకు వరసలో ఉంటారు, ఎవరికి వాళ్లకు తొందరే, గేదెను విప్పాలి, పిల్లలను బడికి పంపాలి. నాన్న పాలు కొలిచి, వెన్న చూసి గట్టిగా అంటారు: నలభై మూడు, నాలుగున్నర, ఆరు రెండు. నలభై మూడు అంటే సభ్యుల సంఖ్య. నాలుగున్నర లీటర్లు, వెన్న ఆరు పాయింట్ రెండు. తమ్ముడు పుస్తకంలో రాస్తాడు. పేరు ఎవరూ పలకరు. ఒకే పేరున్న వాళ్లు ఊళ్లో ఆరుగురు ఉన్నారు. చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి. ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మేకుకు వేలాడదీస్తారు.

మీ యాప్ తెరచిత్రాలు చూశాను. పేరు వెతికి ఎంచుకోవాలి, తర్వాత లీటర్లు, తర్వాత వెన్న. ఒక్కొక్కరికి పది పన్నెండు సెకన్లు పడుతుంది. అరవై మంది అంత సేపు నిలబడరు. సంఖ్య కొట్టి నేరుగా రాసే పద్ధతి పెట్టగలరా? అంకెలు పెద్దవిగా, తడి వేలికి అందేలా.

ఇంకొక మాట. ఎన్‌క్రిప్టెడ్ అని మీరు రాసినది డేటా దొంగలకు అర్థం కాకుండా దాచడం గురించి. కానీ దొంగలు డేటా ఎత్తుకుపోతారని నాన్నకు భయం లేదు. బిల్లు రోజున ఎవరైనా వచ్చి, ఆ పూట నేను ఐదు పోశాను, మీరు నాలుగే రాశారు అంటే చూపించడానికి ఏముంది అన్నదే ఆయన భయం. రెండేళ్ల క్రితం అర లీటరు దగ్గర మొదలైన మాట పట్టింపుతో ఒక కుటుంబం మా కేంద్రానికి పాలు పోయడం మానేసింది. నాన్న ఇప్పటికీ ఆ సంగతి తలచుకుని బాధపడతారు.

తుంగభద్ర_తీరం | సోమవారం, రాత్రి 10:35

మా_పాడి గారూ, మీ జవాబు మూడు సార్లు చదివాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీరు చివర చెప్పినది నా యాప్‌లో ఉంది. ఒకసారి రాసిన అంకెను చెరపడం కుదరదు. దిద్దితే పాతదీ కొత్తదీ, ఏ సమయానికి దిద్దారో అన్నీ నిలిచిపోతాయి. దాని మీద నేను ఆరు వారాలు పని చేశాను. దానికి ఆడిట్ లాగ్ అని పేరు పెట్టి సెట్టింగ్స్‌లో మూడో పేజీలో దాచాను. వివరణలో ఒక్క ముక్క కూడా రాయలేదు, ఎవరికి ఆసక్తి ఉంటుందిలే అనుకుని. చిన్నాన్న బిల్లు రోజున ఎందుకు అంత మౌనంగా ఉండేవారో కూడా ఇప్పుడే అర్థమైంది.

సంఖ్యతో రాసే పద్ధతి ఈ వారమే మొదలుపెడతాను. 11 నెలల్లో ఒక్క కేంద్రానికి కూడా వెళ్లి నిలబడలేదు నేను. వెళ్లి ఉంటే మొదటి నెలలోనే ఇది తెలిసేది.

పాత_కీబోర్డు | మంగళవారం, ఉదయం 6:40

మా_పాడి గారు రాసినది చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. వాడేవాడి దగ్గరికి వెళ్లి నిలబడటం కూడా మార్కెటింగే అయితే, దానికి నేను వ్యతిరేకిని కాను.

నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. ఒక పాత ఉద్యోగంలో అమ్మకాల బృందం లేని సౌకర్యాన్ని ఉన్నట్టు చెప్పి సంతకాలు చేయించుకుంది. దాన్ని నిజం చేయడానికి మేం నలుగురం 40 రాత్రులు ఆఫీసులోనే పడుకున్నాం. అది సరిగా పనిచేయలేదు. క్లయింటు తిట్టింది మమ్మల్ని. అప్పటి నుంచి ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఈ తమ్ముడు కూడా అటు వెళతాడేమోనని భయపడ్డాను. ఉన్నదాన్ని గోరంతలు కొండంతలు చేయడం ఒకసారి అలవాటైతే పోదు.

తెరిచిన_కోడు | మంగళవారం, ఉదయం 11:10

పాత_కీబోర్డు గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ సంతకాలు చేయించుకున్న ఆ గదిలో కోడు తెలిసినవాడు ఒక్కడు కూర్చుని, ఇది మన దగ్గర లేదు, ఇది ఉంది, ఇదిగో ఉన్నది ఇలా ఉపయోగపడుతుంది అని క్లయింటుకు అర్థమయ్యేలా చెప్పగలిగి ఉంటే మీ 40 రాత్రులు మిగిలేవి కదా? మనం తప్పుకుంటే ఆ ఖాళీలోకి అబద్ధం వస్తుంది.

నేను ఓపెన్ సోర్స్ మనిషిని, అంటే రాసిన కోడును అందరికీ తెరిచి పెట్టేవాళ్లలో ఉన్నాను. మా వాళ్లలో చాలామందికి మీలాగే ప్రచారం అంటే ఏవగింపు. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంగతి చెప్పాలి. ఇంటర్నెట్‌లో వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే కోడు అది. ఇంటర్నెట్‌లో పెద్ద భాగం భద్రత దాని మీద ఆధారపడి ఉండేది. 2014కు ముందు ఆ ప్రాజెక్టుకు విరాళంగా వచ్చే సొమ్ము ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. కొద్దిమంది ఓపికగా మోశారు. తమ అవసరం ఎంతో ప్రపంచానికి చెప్పే మనిషి వాళ్లకు లేడు.

2014 ఏప్రిల్‌లో అందులో ఒక పెద్ద లోపం బయటపడింది. దాని అధికారిక సంఖ్య సీవీఈ-2014-0160. ఆ సంఖ్య ఒక్కటే ఉంటే మనలాంటి కొద్దిమంది చదివి ఊరుకునేవాళ్లం. ఫిన్లండ్‌కు చెందిన కోడెనొమికాన్ సంస్థ వాళ్లు దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టి, రక్తం కారుతున్న గుండె బొమ్మ గీయించి, మామూలు మాటల్లో వివరించే వెబ్‌సైటు తెరిచారు. పత్రికలూ టీవీలూ ఎత్తుకున్నాయి. లోపానికి లోగో ఏమిటని అప్పట్లో నేనే కోప్పడ్డాను. కానీ ఆ వారంలోనే ఎన్నో సంస్థలు సర్వర్లు సరిచేసుకున్నాయి. నెల తిరక్కముందే, ఓపెన్ సోర్స్‌కు అండగా ఉండే లైనక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల డబ్బుతో ఇటువంటి ప్రాజెక్టులను ఆదుకునే కార్యక్రమం ప్రకటించింది. ఏళ్ల తరబడి చేసిన మంచి పని తేలేని సాయాన్ని ఒక పేరూ ఒక బొమ్మా తెచ్చాయి. నాకు ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ పేరేదో ముందే, లోపానికి కాకుండా ఆ పనికే వచ్చి ఉంటే ఎంత బాగుండేదని.

ఇప్పుడు నేను ఏ ప్రాజెక్టు మొదలుపెట్టినా రీడ్‌మీ (కోడుతో పాటు పెట్టే పరిచయ పత్రం) మొదటి పేరా ముందు రాస్తాను. ఇది ఎవరికి, ఏ ఇబ్బంది తీరుస్తుంది అన్నది నాలుగు వాక్యాల్లో రాయలేకపోతే కోడు మొదలుపెట్టను. అలా రెండు ప్రాజెక్టులు రాయకుండానే వదిలేశాను. వాటి మీద పోవలసిన నెలలు మిగిలాయి.

డల్లస్_పొద్దు | మంగళవారం, సాయంత్రం 6:20

ఒక చిన్న చేర్పు. డ్రాప్‌బాక్స్ వాళ్లు 2008లో వస్తువు అందరికీ అందక ముందే, అది ఎలా పనిచేస్తుందో చూపించే చిన్న వీడియో ఒకటి పెట్టారు. వేచి ఉండేవాళ్ల జాబితా రాత్రికి రాత్రి 5,000 నుంచి 75,000కు పెరిగింది. ఫైళ్లు కంప్యూటర్ల మధ్య వాటంతట అవే చేరడం గురించి రాసి ఒప్పించడం కష్టం, చూపిస్తే ఒక్క నిమిషం. తుంగభద్ర_తీరం గారూ, మీరూ ఒక కేంద్రంలో ఫోనుతో వీడియో తీయండి. ఎడిటింగ్ వద్దు, వెనక పాల డబ్బాల చప్పుడు అలాగే ఉండనివ్వండి.

తుంగభద్ర_తీరం | శనివారం, రాత్రి 8:15

నాలుగు రోజులుగా ఇక్కడికి రాలేదు, క్షమించండి. గురువారం సెలవు పెట్టి రాత్రి బస్సెక్కి మా_పాడి గారి ఊరు వెళ్లాను. శుక్రవారం తెల్లవారుజామున కేంద్రంలో వాళ్ల తమ్ముడి పక్కన నిలబడ్డాను. అతను పుస్తకంలో, నేను ఫోనులో, ఒకే లెక్క ఇద్దరం రాశాం. పన్నెండో మనిషి దగ్గరే నేను వెనకబడ్డాను. సంఖ్య కొట్టే తెర అప్పటికే సిద్ధం చేసుకున్నాను కాబట్టి పాత పద్ధతి వదిలి దానిలోకి మారాను. అప్పుడు కూడా ఒక తప్పు దొరికింది. దశాంశ బిందువు మీట చిన్నది కావడంతో తడి వేలితో 6.2 కొడితే 62 పడింది. వెన్న 62 శాతం ఉండదు కదా, రెండంకెలు కొడితే మధ్యలో బిందువు అదే వేసుకునేలా అక్కడే అరుగు మీద కూర్చుని మార్చాను. 

సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చి ఉదయం తనవి మూడుంపావు కాదు, మూడున్నర అన్నారు. తమ్ముడు ఫోను తిప్పి ఆమె అంకె, పక్కన రాసిన సమయం చూపించాడు. ఆమె చూసి, సరేలే నాయనా, నేనే మరిచాను అని నవ్వారు. మా_పాడి గారి నాన్నగారు ఏమీ అనలేదు, నాకు ఇంకో గ్లాసు టీ పోశారు.

పేరు మార్చాను. ఇప్పుడు అది పాల లెక్క. ప్లే స్టోర్ ఇచ్చే 80 అక్షరాల్లో వివరణ ఇలా పట్టింది: సిగ్నల్ లేకపోయినా పాల లెక్క తప్పదు. పూటకో చీటీ, పదిహేను రోజులకో బిల్లు.

పాత_కీబోర్డు గారూ, ఇందులో లేనిది ఏదైనా ఉన్నట్టు రాశానా చూడండి.

పాత_కీబోర్డు | శనివారం, రాత్రి 9:02

చూశాను. చీటీ అన్నావు, మరి ప్రింటరుకు కలుపుతుందా, లేక తెర మీదేనా? తెర మీదే అయితే ఆ మాట తీసేయి, లేదా ప్రింటరు పెట్టాకే రాయి.

తుంగభద్ర_తీరం | శనివారం, రాత్రి 9:10

తెర మీదేనండి. మీరన్నది నిజం. ఇప్పుడే మార్చాను: సిగ్నల్ లేకపోయినా పాల లెక్క తప్పదు. ఏ పూట అంకె ఆ పూటే కళ్ల ముందు.

మా_పాడి | శనివారం, రాత్రి 9:25

నాన్న పక్క ఊరి కేంద్రం వాళ్లకు ఫోను చేసి చెప్పారు. వాళ్లు తమ చుట్టాలకు చెప్పారట. నాన్న, తమ్ముడితో కలిపి మొత్తం ఏడుగురి మెయిల్ చిరునామాలు మీకు సందేశంలో పంపాను. రేపటికి ఇంకా ఇద్దరు చెబుతామన్నారు.

తుంగభద్ర_తీరం | శనివారం, రాత్రి 9:31

అందాయి. ఆఫీసు మిత్రులను వదిలేసి మొదటి నుంచి లెక్కిస్తున్నాను. ఇప్పటికి ఏడు, రేపటికి తొమ్మిది. ఇంకా ముగ్గురు కావాలి. మీ బంధువుల్లో పాల కేంద్రం నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నేనే వెళ్లి చూపిస్తాను.

పాత_కీబోర్డు | శనివారం, రాత్రి 9:48

మా వియ్యంకుడు నడుపుతాడు, నంద్యాల దగ్గర. రేపు పొద్దున పాలు కొలవడం అయ్యాక మాట్లాడి చెబుతాను.